నాలుగు సెకన్ల పెద్దమనిషి

"ఇది వీడియో చాటా, ఫొటో ఆల్బమా అండీ?"

జుబియా నాతో అన్న మొదటి మాట అది. అరగంటలో షార్జాలో ఉన్న వాళ్ల పిన్ని ముఖం మూడుసార్లే కదిలిందట. సర్వర్ ప్రాబ్లమ్ మేడమ్ అన్నాను. గవర్నర్‌పేటలో నెట్ సెంటర్ నడపడానికి ఆ ఒక్క ముక్క వస్తే చాలు, వేరే చదువు అక్కర్లేదు.

ఆమె వన్ టౌన్‌లో లెక్కల టీచరు. ప్రతి శుక్రవారం వచ్చేది, తిట్టి వెళ్లేది. ఆ తిట్లు తినడానికి నేను ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాను. ప్రేమే, ఇంకేమిటి.

2005 వేసవిలో ఓ శుక్రవారం ఆమె వాళ్ల నాన్న ఖాలిక్ గారితో వచ్చింది. పిన్ని తెచ్చిన సంబంధమట. షార్జాలోనే ఉండే పెళ్లికొడుకు ఇష్తియాక్‌ని నా కంప్యూటర్లో, నా కెమెరాతో, నా ఎదుటే చూస్తారట. నా అదృష్టం అలాంటిది.

నా లైన్లో మాట వెళ్లి తిరిగి రావడానికి నాలుగు సెకన్లు పట్టేది. ఖాలిక్ గారు ఏది అడిగినా ఇష్తియాక్ నాలుగు సెకన్లు కదలకుండా కూర్చుని, ఆ తర్వాత జవాబు చెప్పేవాడు. అక్కడ కూడా టీచరుగా చేయొచ్చా అని జుబియా అడిగేసరికి బొమ్మ నిలిచిపోయింది. మళ్లీ కదిలేసరికి అతను నవ్వుతున్నాడు.

"ఎంత నిదానమో. ప్రతి మాటా ఆలోచించి చెబుతున్నాడు" అని ఖాలిక్ గారు మురిసిపోయారు. వచ్చే శుక్రవారం మాట ఇచ్చేస్తామన్నారు.

ఆలోచించింది నా మోడెమ్. ఆ సంగతి చెబితే సెంటర్ పరువు పోతుందని నోరు మూసుకున్నాను. అంతటి వ్యాపారవేత్తని నేను.

రెండేళ్లుగా ఏ కస్టమరు మొత్తుకున్నా కదలనివాణ్ణి, ఆ వారం పరుగులు పెట్టి బ్రాడ్‌బ్యాండ్ వేయించాను. శుక్రవారం ఇష్తియాక్ మీసంలో వెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత బాగా కనిపించాడు. మాటా అంతే. ఖాలిక్ గారి ప్రశ్న సగంలో ఉండగానే జవాబు వచ్చేస్తోంది. ఆరోగ్యం గురించి అడగబోతే జీతం చెప్పాడు.

"అక్కడ నేను స్కూల్లో..." అని మొదలుపెట్టింది జుబియా.

"అవన్నీ తర్వాత" అనేశాడు.

ఖాలిక్ గారు మండిపడుతూ నా దగ్గరికొచ్చారు. "లైను పాడుచేశావేంటయ్యా? పోయిన వారం అబ్బాయి ఎంత చక్కగా మాట్లాడాడు. ఆ పాత లైనే పెట్టు, మాట ఇచ్చేస్తాను."

ఒక్క వైరు మారిస్తే ఇష్తియాక్ మళ్లీ పెద్దమనిషి అయిపోతాడు. జుబియా నన్నే చూస్తోంది. ఈసారి తిట్టలేదు.

"పోయిన వారం ఆగింది అబ్బాయి కాదు చాచా, నా లైను. అతని తీరు ఇవాళ మీరు చూసిందే."

"నీకెందుకయ్యా ఇదంతా?"

"జుబియా అంటే నాకు ఇష్టం చాచా. ఆమె అడిగేది పూర్తిగా వినేవాడి దగ్గరికి వెళ్లాలి. నా దగ్గరికి కాకపోయినా సరే."

ఖాలిక్ గారు కూతురి వైపు తిరిగారు. ఆమె తల దించుకోలేదు. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. నా పేరు అడిగారు, ఇల్లెక్కడో అడిగారు.

"ఆదివారం మీ అమ్మని మా ఇంటికి పంపు ఆసిమ్. నువ్వు మాత్రం రావద్దు. నీ మాటలు ఇవాళ్టికి చాలు."

"రానివ్వండి అబ్బాజాన్" అంది జుబియా తండ్రితో. "నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి."