పదకొండో ఊపిరి

మా అమ్మ పాటంటే జనం చెవి కోసుకునేవారు. రేడియోలో ఆమె పాట మొదలైతే జుట్టు కత్తిరించే దుకాణంలో కత్తెర ఆగిపోయేదట. అందరూ ముఖ్యంగా మెచ్చుకున్న సంగతి ఒకటుంది. ఎంత పొడుగు పాటైనా సరే, రికార్డులో ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడు ఎక్కడా వినిపించదు. ఆవిడకి గాలితో పనిలేదని పత్రికల్లో రాశారు. ఆ రాతలు చదివినప్పుడల్లా అమ్మ నావైపు చూసి కన్ను గీటేది. ఎందుకంటే ఆ ఊపిరుల్ని ముప్పై ఏళ్ళపాటు బ్లేడుతో కోసి తీసేసింది నేనే.

పద్నాలుగేళ్ళప్పుడు నన్నూ ఒకసారి మైకు ముందు నిలబెట్టింది. చిన్నతనంలో మెట్లమీంచి పడి నా ముక్కు ఎముక కాస్త వంకర తిరిగింది. గాలి పీల్చినప్పుడల్లా ఎడమవైపు సన్నగా ఈల వేస్తుంది. నేను పాట ఎత్తుకోకముందే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దులేవే. నీకంటే ముందు నీ ముక్కు పాడేస్తోంది."

గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. యంత్రం మీట కూడా నొక్కలేదు. "నీది చెవి. గొంతు చిన్నదానికి వచ్చింది," అంది అమ్మ. చిన్నదంటే మా చెల్లెలు, ఇంట్లో అందరం చిన్ని అంటాం. అప్పటికి దానికి నాలుగేళ్ళు. ముక్కు కారుతుంటే తుడుచుకోవడం కూడా రాదు, దానికి గొంతు వచ్చేసిందట! ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ఇంటి వెనక భాగంలో రికార్డింగు గది ఉంది. కిటికీల్లేవు. గోడలకి మందపాటి దుప్పట్లు, తలుపుకి రెండు పొరలు. బయట ఎండ మండిపోతున్నా లోపల చీకటే, యంత్రం మీద ఎర్ర బల్బు ఒక్కటే వెలుతురు. వేడెక్కిన యంత్రం వాసన, దాంతోపాటు అమ్మ బుగ్గన పెట్టుకునే లవంగం వాసన. అక్కడ కూర్చుని నేను టేపుని ఏటవాలుగా కోసి, ఊపిరి ఉన్న ముక్క తీసేసి, రెండు కొసల్నీ తెల్లటి అతుకు టేపుతో కలిపేదాన్ని. కోసిన ముక్కల్ని మాత్రం అమ్మ పారెయ్యనిచ్చేది కాదు.

"నా ఊపిరి చెత్తబుట్టలో వెయ్యకే. మళ్ళీ వెతుక్కోవాల్సి వస్తుంది."

అందుకని వాటన్నిటినీ ఒకదానికొకటి అతికించి ఒక రీలు చేశాను. అది బిస్కెట్ల డబ్బాలో ఉండేది. అందులో పాట లేదు, మాట లేదు. ముప్పై ఏళ్ళ ఊపిరి, అంతే. చివరిది ఆమె పోవడానికి వారం ముందు తీసిన ముక్క.

పోతూపోతూ అమ్మ పంపకం కూడా చేసిపెట్టింది. పాటలు చిన్నికి, గది నాకు. పాటలు లేని గదిని నేనేం చేసుకోను? దుప్పట్లు దులుపుకుంటూ కూర్చోనా?

ఏడాది తిరిగాక ఒక కంపెనీవాళ్ళు వచ్చారు. అమ్మ పాటల్ని చిన్ని గొంతుతో ఆల్బంగా వేస్తారట. అదే గదిలో, అదే పాత యంత్రం మీద. నేను దగ్గరుండి చేసిపెట్టాలి. సరేనన్నాను. అనకపోతే అక్కకి ఓర్వలేనితనం అంటారు కదా.

మొదటి పాట ఒక ఉదయం తీశాం. చిన్ని ఎంత బాగా పాడిందో చెప్పను. చెప్తే నా కడుపు మళ్ళీ మండుతుంది. పాట అయ్యాక చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీసి నా పక్కన కూర్చుంది.

"అక్కా, నా ఊపిరి తియ్యకు. ఎలా ఉన్నది అలా ఉండనీ."

"అమ్మ పాటలో ఊపిరి వినిపిస్తే జనం ఏమనుకుంటారు?"

"మనిషి పాడిందనుకుంటారు," అని నవ్వింది. "ఇంకోటి. అట్ట మీద నా పేరు కంటే ముందు నీ పేరు వెయ్యమన్నాను."

"జాలి పడుతున్నావా?"

"అదేంటక్కా..."

"పో, పోయి పడుకో. గొంతు అలిసిపోయింది."

అది వెళ్ళిపోయింది. నేను ఆ చీకట్లో కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు నేను చేసిన పనిని అది నవ్వుతూ, ఒక్క మాటతో తీసిపారేసింది. పైగా పేరు దానం చేస్తుందట! గొంతు దానిది, పాటలు దానివి, ఆఖరికి మంచితనం కూడా దానిదే. నాకేం మిగిలింది?

నాకు మిగిలింది బిస్కెట్ల డబ్బా.

మధ్యాహ్నం అయ్యేసరికి పని ముగించాను. చిన్ని పాటలో మొత్తం పదకొండు ఊపిరులు. పదకొండూ కోసి, బల్ల కింద చెత్తబుట్టలో పడేశాను. డబ్బాలోంచి అమ్మ రీలు తీసి, అందులోంచి పదకొండు ముక్కలు ఏరి, ఆ ఖాళీల్లో అతికించాను. గొంతు చిన్నిదైతే అయింది, ఊపిరి అమ్మది, ఆ ఊపిరి పెట్టింది నేను. ఎవరూ పసిగట్టలేరు. నాకొక్కదానికే తెలుసు. ఆ తలపు ఎంత తియ్యగా ఉందో!

వేసి విన్నాను. అతుకు ఎక్కడా తెలియలేదు. పాట ముగిసేసరికి గదిలో లవంగం వాసన గుప్పుమంది. డబ్బా తెరిచాను కదా, అందులోదే అయ్యుంటుందని సరిపెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే చిన్ని మొగుడు, మా మరిది, ఫోను చేశాడు.

"వదినా, చిన్నికి ఊపిరి ఆడట్లేదు. డాక్టరు వచ్చి చూశారు. గుండె బాగుంది, ఛాతీ బాగుంది, కంగారు తగ్గించుకోమంటున్నారు. మీరొకసారి రాగలరా?"

వాళ్ళిల్లు రెండు వీధుల అవతల. వెళ్ళేసరికి చిన్ని కిటికీ పక్కన దిండ్లకి చేరగిలబడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"అక్కా... నేను పీల్చుకునేలోపే... ఎవరో పీల్చేస్తున్నారు."

"ఎవరే?"

"తెలీదు. లవంగం వాసన వస్తోంది."

చెవి దాని ముఖానికి ఆనించాను. అమ్మ అన్నట్టు నాది చెవే కదా. ఊపిరి వినిపించింది. పొడుగ్గా, ముక్కుతో పీల్చి, చివర నాలుక అంగిటికి తగిలిన చిన్న చప్పుడు. అది నాకు తెలుసు. నిన్న నేను పాటలో మూడో చోట అతికించిన ముక్క. కాసేపాగి ఇంకోటి వచ్చింది. నాలుగో ముక్క. తర్వాత ఐదు. ఆరు... నేను పెట్టిన వరసలోనే. పదకొండు అయ్యాక మళ్ళీ మొదటిది.

చప్పుడు చిన్ని నోటి దగ్గరే వస్తోంది. దాని ఛాతీ మాత్రం కదలట్లేదు.

ఎలా ఇల్లు చేరానో తెలియదు. చెత్తబుట్ట బోర్లించి నేలమీద మోకాళ్ళమీద కూర్చుని ముక్కలు ఏరాను. ఒక్కొక్కటీ వేలెడంత ఉంటుంది. ఒకటి, రెండు, మూడు... పది. మళ్ళీ లెక్కపెట్టాను. పదే. బల్ల జరిపాను. దుప్పట్లు దులిపాను. నా చెప్పుల కింద చూసుకున్నాను. పదకొండోది లేదు.

పాటలోంచి అమ్మ ముక్కలు పదకొండూ తీసి బల్లమీద వరసగా పేర్చాను. చిన్నివి పది దాని పాటలో తిరిగి పెట్టాను. ఏది ఎక్కడిదో నాకు వెతుక్కోనక్కర్లేదు, వింటే చాలు. పదకొండో చోట ఖాళీ టేపు అతికించి, నడవలోకి పరిగెత్తి ఫోను అందుకున్నాను.

"తేరుకుంది వదినా!" అన్నాడు మరిది. వెంటనే గొంతు తగ్గించాడు. "కానీ..."

"కానీ ఏంటి?"

"పదిసార్లు బాగానే పీలుస్తోంది. తర్వాత ఆగిపోతోంది. భుజం పట్టి కుదిపితేగానీ మళ్ళీ మొదలవట్లేదు. నేను పక్కనే కూర్చుని లెక్కపెడుతున్నాను. ఇది నిద్రపోతే ఎలా వదినా?"

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాను. గది తలుపు నేను తీసే వెళ్ళాను. ఇప్పుడు వేసి ఉంది.

రెండు పొరల తలుపు. లోపలి చప్పుడు బయటికి రాదు. తోశాను.

ఎర్ర బల్బు వెలుగుతోంది. బల్లమీద పేర్చిన అమ్మ ముక్కలు లేవు. యంత్రం మీద అమ్మ రీలు... తిరుగుతోంది. లవంగం వాసన ఎంత ఘాటుగా ఉందంటే, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ రీలు మొదటినుంచీ చివరిదాకా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను. హుఁ... హుఁ... హుఁ... ఒకదాని మీద ఒకటి. పీల్చడమే. వదలడం లేదు. వదిలిన గాలిని నేనెప్పుడూ కొయ్యలేదు కదా. ముప్పై ఏళ్ళుగా ఆ రీలు లోపలికి పీలుస్తూనే ఉంది. గోడలకున్న దుప్పట్లు నావైపు ఉబ్బినట్టనిపించింది... నేను కదల్లేదు.

అమ్మ చివరి ఊపిరి వచ్చింది. తర్వాత టక్కుమని అతుకు తగిలిన చప్పుడు. ఆ తర్వాత చిన్నగా, నోటితో గబుక్కున పీల్చిన ఊపిరి.

చిన్నిది.

యంత్రం ఆపి, టేపు బల్బు దగ్గర పెట్టి చూశాను. ఏటవాలు కోత. తెల్లటి అతుకు, అంచులు సమంగా నొక్కి ఉంది. అచ్చం నేను చేసినట్టే ఉంది. నేను చెయ్యలేదు.

"అమ్మా," అన్నాను. "అమ్మా, దాన్ని వదిలెయ్యి. అది ఏ పాపం ఎరగదు. ఓర్వలేక చేసింది నేను. దాని బదులు..."

వాక్యం పూర్తి చెయ్యడానికి గాలి పీల్చుకున్నాను. ఆ నిశ్శబ్దంలో నా ముక్కు ఈల వేసింది. ఆ వాక్యం అక్కడే తెగిపోయింది.

బ్లేడు తీసుకుని అతుకు దగ్గర కోశాను. తేలిగ్గా ఊడి వచ్చింది. చిన్ని పాటలో దాని చోట దాన్ని పెట్టేసి ఫోను చేశాను. ఈసారి చిన్నే తీసింది.

"అక్కా! హాయిగా ఉంది. ఎవరో ఛాతీమీంచి లేచి వెళ్ళిపోయినట్టుంది. ఏం చేశావు?"

"ఏం లేదు. పడుకో. ఎన్ని గంటలైనా పడుకో," అన్నాను. అటునుంచి అది నవ్వింది. మొదటిసారి దాని నవ్వు నాకు గుచ్చుకోలేదు.

రీలు డబ్బాలో పెట్టేద్దామని గదిలోకి వచ్చాను. పెట్టేముందు చివర సరిగ్గా ఉందో లేదో వినడం నా అలవాటు. వేశాను. అమ్మ చివరి ఊపిరి. అక్కడితో అయిపోవాలి.

అయిపోలేదు.

ఇంకో ఊపిరి వినిపించింది. ఎడమవైపు సన్నగా ఈల.

నేనెన్నడూ మైకు ముందు పాడలేదు. ఎవరూ నన్ను రికార్డు చెయ్యలేదు. ఉన్నదున్నట్టు చెప్తున్నాను, భయం కంటే ముందు నాకు సంతోషం వేసింది. అమ్మ నన్నూ దాచుకుంది. ఆ తర్వాతే బ్లేడు తీసుకుని టేపుమీద వేలితో తడిమాను. అతుకు తగల్లేదు. బల్బు దగ్గర పెట్టి చూశాను. అతుకు లేదు. అమ్మ ఊపిరి ఎక్కడ ముగిసిందో, నాది ఎక్కడ మొదలైందో తెలియకుండా ఒకే టేపు. ముప్పై ఏళ్ళ నా చేతికి కొయ్యడానికి చోటు దొరకలేదు.

మిగతా పాటలు తీద్దాం, గది తెరవమని చిన్ని రోజూ అడుగుతోంది. తెరవనన్నాను. నీ మేలు కోరే చెప్తున్నానన్నాను. అది నమ్మింది, పిచ్చిది. నిజమేంటంటే, అందులో అమ్మ పక్కన నేనున్నాను. అక్కడికి దాన్ని మళ్ళీ ఎందుకు రానివ్వాలి?

ముక్కు డాక్టరుకి చూపించుకున్నాను. ఎముక వంకర అలాగే ఉందన్నాడు. ఈల మాత్రం ఆ రోజునుంచీ రావడం లేదు. ఎంత గట్టిగా పీల్చినా రాదు. తాళం వేసిన ఆ తలుపుకి చెవి ఆనిస్తే, రెండు పొరల అవతలనుంచి అది నాకు వినిపిస్తుంది. ఎవరో పాట ఎత్తుకోబోతూ పీల్చినట్టు. నేను అక్కడే నిలబడి ఎదురుచూస్తాను. పాట మాత్రం ఇంతవరకూ మొదలవలేదు.