మూత లోపల మూడు తేదీలు

ఆమె మా గుమ్మంలో నిలబడగానే నేను నోరు జారి అన్న మొదటి మాట ఇది: "మెకానిక్ రాలేదా?"

"వచ్చింది. మీ ముందే ఉంది. స్టూల్ ఇస్తే పైకి ఎక్కుతుంది," అంది.

అది మొదటి సిగ్గు. ఆ తర్వాత నేను చేసిన పని ముందు దాన్ని సిగ్గని కూడా అనకూడదు.

మా హాల్లో సీలింగ్ ఫ్యాన్ పదహారేళ్లది. కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. కొత్తది కొందామని అమ్మ, రిపేర్ చేయిద్దామని నేను. నాది పొదుపేం కాదు, కొత్తది మోసుకురావడానికి బద్ధకం. వీధి చివర మోటార్ వైండింగ్ షాపుకి ఫోన్ చేస్తే ఈ అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్నకి చేతులు వణకడం మొదలయ్యాక షాపు ఆమే చూసుకుంటోంది.

ఫ్యాన్ తీసుకెళ్లి, రాగి తీగంతా కొత్తగా చుట్టి, మర్నాడు తెచ్చి బిగించింది. పైన రాడ్డుకి ఉండే మూత లోపల మార్కర్‌తో తేదీ రాసింది.

"అదెందుకండీ?"

"నాన్న అలవాటు. ఏడాదిలోపు రిపేర్‌కి తిరిగొస్తే తప్పు మాదే అని గుర్తు."

"ఎన్ని తిరిగొచ్చాయేంటి?"

"నాన్నవి ఒక్కటీ లేదు. నేను మొదలెట్టి నాలుగు నెలలే, నావీ ఇంకా రాలేదు. దిష్టి పెట్టకండి," అని నవ్వి, కిందికి దిగి స్విచ్ వేసింది. గాలికి ఆమె నుదుటి మీద జుట్టు ఎగిరింది. నా పని అయిపోయింది.

పది రోజులు ఆ షాపు ముందు అటూ ఇటూ తిరిగాను. ఇన్సులేషన్ టేపు మూడు చుట్టలు కొన్నాను. "ఇల్లంతా టేపేసి చుడుతున్నారా?" అని అడిగితే చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాను.

పదకొండో రోజు అమ్మ బయటికి వెళ్లగానే మెయిన్ ఆపి, స్టూలెక్కి, మూత జరిపి, కండెన్సర్‌కి వెళ్లే వైరు లాగేశాను. తర్వాత స్విచ్ వేస్తే ఫ్యాన్ మూలిగింది గానీ తిరగలేదు. ఈల వేసుకుంటూ ఆమెకి ఫోన్ చేశాను.

వానలో తడుచుకుంటూ వచ్చింది. మూత తీసి చూసి, "జాయింట్ ఊడిందండీ. నేనే సరిగ్గా వెయ్యలేదు. సారీ," అంది. రెండో తేదీ రాసింది. వాన తగ్గేదాకా టీ తాగుతూ కూర్చుంది. ఏవేవో చెప్పింది, నవ్వింది. ఆ అరగంట కోసం ఏమైనా చెయ్యొచ్చు అనిపించింది. రెండు వారాల తర్వాత చేశాను కూడా, అదే వైరు మళ్లీ లాగి.

ఈసారి ఆమె నవ్వలేదు. మూడో తేదీ వంకరగా పడింది. టీ ముట్టకుండానే వెళ్లిపోయింది.

"ఇంక కొత్తదే కొందాం," అంది అమ్మ. "ఒక్క ఫ్యాన్‌కి మూడుసార్లు రావాల్సొచ్చింది. ఆ పిల్లకి పని రాదు."

కొత్తది వస్తే నా గుట్టు పాత ఫ్యాన్‌తోపాటే పాత సామాన్లలోకి పోతుంది. పీడా పోయిందనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ తల ఎత్తలేను.

మర్నాడు పొద్దున అమ్మ పిన్నితో ఫోన్లో మాట్లాడుతోంది. పిన్ని ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. "నీ ముప్పై ఫ్యాన్లూ ఆ వైండింగ్ అమ్మాయికి మాత్రం ఇవ్వకే! మా ఇంట్లో ఒక్కదాన్నే సరిగ్గా చెయ్యలేకపోయింది."

చెప్పులు వేసుకుని షాపుకి పరిగెత్తాను.

ఆమె వైరు ముక్కలు ముందేసుకుని ఒక్కొక్కటే మెలితిప్పి జాయింట్ వేస్తోంది. పక్కన వాళ్ల నాన్న, వణికే చేత్తో లాగి చూస్తున్నాడు.

"ఇది గట్టిగానే ఉందమ్మా."

"ఇంకా లాగు నాన్నా. అక్కడా గట్టిగా ఉందనే అనుకున్నాను."

గుమ్మంలో నిలబడే చెప్పేశాను. "వైరు నేనే లాగానండీ. రెండుసార్లూ నేనే. మీరు మళ్లీ వస్తారని."

ఆమె చేతిలో కటింగ్ ప్లయర్ ఆగిపోయింది. అంతవరకూ మీరు అన్న మనిషి, "నువ్వా?" అంది. "నాన్న చేతులకొచ్చిందే నాకూ వచ్చిందేమోనని డాక్టర్ దగ్గరికి వెళ్లాను, తెలుసా? నేను నా చేతుల్ని తిట్టుకుంటుంటే నువ్వు టీ ఇస్తూ కూర్చున్నావా?"

భూమి చీలితే బాగుండనిపించింది.

"ముందు మీ అమ్మగారికి చెప్పు బాబూ," అన్నాడు వాళ్ల నాన్న, నెమ్మదిగా. "పని రాదన్న మాట అక్కడ పుట్టింది."

వెళ్లి చెప్పాను. అమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఇరవై ఆరేళ్లొచ్చాయి, వైర్లు లాగే వయసా ఇది?" అని, పిన్నికి ఫోన్ కలిపి నా చేతికే ఇచ్చింది. పిన్ని పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వాపి, "ఆ పిల్ల ఎంత ఏడ్చి ఉంటుందిరా?" అంది.

హాస్టల్ పని ఆమెకే వచ్చింది. నెలన్నర పాటు నేను ఆ వీధి చివరికి వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

ఒక ఆదివారం ఆమే వచ్చింది. జేబులో మార్కర్ ఉంది.

"ముప్పై ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. ఒక్కటీ వెనక్కి రాలేదు. నువ్వు స్టూలెక్కు."

ఎక్కాను. మూత దించితే మూడు తేదీలు కనిపించాయి.

"కింది రెండూ కొట్టేసి, పక్కన నీ సంతకం పెట్టు."

పెట్టాను. అదీ వంకరగానే పడింది.

అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఇప్పుడు కొత్త ఫ్యాన్ కొనమంటావా అమ్మాయీ?"

"వద్దండీ. తల ఎత్తినప్పుడల్లా ఈయనకి ఇదే కనిపించాలి." తర్వాత గొంతు తగ్గించి నన్ను అడిగింది. "మళ్లీ చూడాలనిపిస్తే ఏం చేస్తావ్?"

"ఫోన్ చేస్తానండీ."

"చేసి?"

"రమ్మంటాను."

"అంతే. ఫ్యాన్ జోలికి పోకు. మూడో చుట్ట టేపు కొన్న రోజు రమ్మన్నా వచ్చేదాన్ని."

నేను స్టూల్ మీదే నిలబడిపోయాను. వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ముగ్గురికీ టీ పెట్టాను. కిందికి దిగుతావా, అక్కడే తాగుతావా?"