నక్కతోక కట్టిన కర్ర

ఆ చలికాలం మా నాన్న మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకోకపోతే, నేను బ్రహ్మచారిగానే ముసలివాణ్ణయిపోయేవాణ్ణి.

బోస్టన్ దగ్గర సముద్రపొడ్డున మా ఊరు. అక్కడి ప్రార్థన మందిరంలో కునికేవాళ్ళను లేపే పని నాన్నది. చేతిలో పొడుగాటి కర్ర. ఒక కొసన చెక్క గుండు, మగవాళ్ళ నెత్తిన మొట్టడానికి. రెండో కొసన నక్కతోక, ఆడవాళ్ళ చెంపలు నిమరడానికి. ఇసుక గడియారాన్ని రెండోసారి తిప్పనిదే మా పాస్టర్ గారి ప్రసంగం ముగిసేది కాదు కనుక పనికి లోటుండేది కాదు. నాన్న మంచమెక్కగానే ఊరి పెద్దలు కర్ర నాకిచ్చారు. చేపలకు ఉప్పు పట్టించడం తప్ప ఏ పెత్తనమూ ఎరగని ఇరవై రెండేళ్ళవాణ్ణి. కళ్ళు నెత్తికెక్కాయి.

మొదటి ఆదివారమే, మూడో బల్ల మీద ఒకమ్మాయి కళ్ళు మూసుకుని కనిపించింది. ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చిన ఓబద్యా గారి మేనకోడలు మెహిటబెల్. అందరూ హిట్టీ అనేవాళ్ళు. వెళ్ళి నక్కతోకతో ముక్కు మీద రాశాను. ఆమె తుమ్మిన తుమ్ముకి పాస్టర్ గారు ప్రసంగం ఆపేశారు.

బయట మెట్ల దగ్గర నన్ను నిలేసింది.

"నేను నిద్రపోతున్నానని మీకెవరు చెప్పారు?"

"కళ్ళు మూసుకున్నారుగా."

"ప్రసంగం బుర్రలో పెట్టుకుంటున్నాను. ఇంటికెళ్ళగానే మామయ్య అప్పజెప్పమంటాడు. మీ ఇంట్లో అడగరా?"

"అడుగుతారు."

"అయితే చెప్పండి, ఇవాళ ఎన్ని సంగతులు విడమరిచారు?"

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయాను.

"నాలుగు," అంది. "మీ నక్కతోక పుణ్యమాని నాలుగోది నాకు సగమే దక్కింది."

నక్కతోక తొక్కడం కాదు, నేను ఏకంగా చేత్తో పట్టుకుని తిరిగాను. మందిరానికి రాలేని నాన్నకు ప్రసంగం వినిపించాలన్న వంకతో, ఆదివారం ఆదివారం హిట్టీనీ వాళ్ళ మామయ్యనూ మా ఇంటికి పిలవడం మొదలుపెట్టాను. మొక్కజొన్న జావ తాగి, కళ్ళు మూసుకుని, పొల్లుపోకుండా చెప్పేది. మేం సముద్రం దాటి వచ్చిన ఇశ్రాయేలీయులమట. ఇది దేవుడు మాకు మాటిచ్చిన నేల, కనానట. ఇంగ్లండు ముఖమైనా చూడని నాకు ఆ మాటలకు ఛాతీ పొంగేది.

"ఇంటి దగ్గర ఈపాటికి పూలు పూస్తుంటాయి," అంది హిట్టీ ఒకసారి. ఇల్లంటే ఆమెకు ఇంగ్లండే.

"ఇక్కడా పూస్తాయి. కాస్త ఆలస్యం, అంతే."

"మీ ఊళ్ళో అన్నీ ఆలస్యమే. మనుషులతో సహా," అని నావంక చూసి నవ్వింది.

ఆ మాట అర్థమయ్యేసరికి ఏప్రిల్ వచ్చింది. ఇంగ్లండులో రోజులు మారాయని, మా మతంవాళ్ళకు అక్కడిక వేధింపుల్లేవని ఓబద్యా గారు తిరుగు ప్రయాణం కట్టారు, మేనకోడలితో సహా. బోస్టన్ రేవులో ఓడ సిద్ధంగా ఉంది.

ఆ ఆదివారం పాస్టర్ గారు నిప్పులు కురిపించారు. ఇంగ్లండు మనం బానిసత్వం వదిలించుకుని వచ్చిన ఐగుప్తు అన్నారు. వెనక్కి చూసేవాళ్ళు బైబిల్లోని లోతు భార్యలాగా ఉప్పు స్తంభాలవుతారన్నారు. ఛాతీ పొంగాల్సిన నేను మూడో బల్ల వైపే చూస్తుండిపోయాను. హిట్టీ ఆ రోజు కళ్ళు మూసుకోలేదు. కళ్ళ నిండా నీళ్ళు.

మర్నాడు సన్నగా వాన. చేపలెండే తడికల మీద పట్టాలు కప్పుతుంటే వచ్చింది.

"మా అమ్మ సమాధి అక్కడుంది పెలెగ్. అది ఐగుప్తా? అటు చూస్తే ఉప్పయిపోతానా?"

"అయిపో," అన్నాను. "మా చేపలకు ఉప్పెలాగూ చాలట్లేదు. ఇక్కడే, మా పెరట్లో నిలబడు. ఎంతసేపు వెనక్కి చూస్తావో చూడు, నేను వద్దనను."

నవ్విందో ఏడ్చిందో ఆ వానలో తెలియలేదు.

"పాస్టర్ గారు ఒప్పుకుంటారా?"

"ఆయన చెప్పేది జనం సంగతి. నేనడిగేది నీ ఒక్కదాని సంగతి. నువ్వెళ్ళిపోతే నేను బతకలేను హిట్టీ."

"మామయ్యనడుగు," అంది, తల వంచుకుని.

ఓబద్యా గారు పెట్టె సర్దుతున్నారు. విషయం విని, "నిన్నటి ప్రసంగం అప్పజెప్పు," అన్నారు. "మా పిల్లను అడిగేవాడికి అదైనా రావాలి."

"రాదండీ. హిట్టీ ఏడుస్తుంటే నాకొక్క ముక్క చెవికెక్కలేదు."

ఆయన చేతిలోని చొక్కా మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టారు.

"నాకూ ఎక్కలేదురా," అన్నారు.

మందిరం తలుపుకు మా పెళ్ళి ప్రకటన అంటించాక, ఆయనొక్కరే ఓడెక్కారు.

నలభై ఏళ్ళయింది. మా పిల్లలకు ఇల్లంటే ఈ ఊరే. హిట్టీ ఇప్పటికీ పెరట్లో నిలబడి సముద్రం వైపు చూస్తుంది. నేను వద్దనలేదు, ఏనాడూ.

మొన్న ఆదివారం మూడో బల్ల మీద కళ్ళు మూసుకుని ఉంది. ఇప్పుడు కర్ర పట్టే పెద్దమనిషి నక్కతోక చాచుకుంటూ అటు వెళ్ళబోయాడు. నేను కర్ర పట్టుకుని ఆపాను.

"నిద్ర కాదయ్యా. బుర్రలో పెట్టుకుంటోంది."

సరిగ్గా అప్పుడే హిట్టీ సన్నగా గురక పెట్టింది. ఆయన నావంక చూశాడు. నేను కర్ర వదల్లేదు. ఆ రోజు ప్రసంగం ఒక్క ముక్క పోనివ్వకుండా విన్నాను. ఇంటికెళ్ళాక ఆమెకు అప్పజెప్పాలి కదా.