దిద్దుచేయి

"చేయి వదులు చేయండి," అంది దిద్దుచేయి.

నూకరత్నం వదులు చేసింది. భుజం నుంచి వేలి కణుపుల దాకా కప్పిన ఆ బూడిదరంగు యంత్రపు తొడుగు కాస్త బిగుసుకుని ఆమె చేతిని తన అధీనంలోకి తీసుకుంది. ఉలి లేచింది. సుత్తి పట్టిన కుడి చేతికీ అలాంటి తొడుగే. రెండూ కలిసి దుంగ మీద గాడి చెక్కసాగాయి. దెబ్బకో పొర లేచి బల్ల కింది తట్టలో పడుతోంది. పడిన ప్రతి పొరనూ తట్ట తూచుకుంటోంది.

"ఇక్కడ వాలుగా ఎందుకు కొట్టాం?" అని అడిగింది.

"తేడా లేదు," అంది దిద్దుచేయి.

పని కొలతకు సరిపోయిందని దానర్థం. ఎందుకు అని అడిగితే చెప్పడానికి దాని దగ్గర ఏమీ లేదు. ఆ సంగతి తెలిసి కూడా రత్నం రోజూ అడిగేది. అడగకపోతే తానొక కొయ్యమేకునన్న భావం పొద్దుగూకేసరికి గుండెల్లో గట్టిపడిపోయేది.

మరమ్మతు పడవ కోరంగి కాలువలో మెల్లగా ఊగుతోంది. సముద్రం మడ అడవులను మింగి పైకి వచ్చాక ఈ కాలువ వెంట తేలిళ్ళు వెలిశాయి. నీటితో లేచి నీటితో దిగే కొయ్య ఇళ్ళవి. ఇనుమును ఉప్పు తినేస్తుంది, సిమెంటు మునిగిపోతుంది, కాబట్టి కొయ్యే గతి. కానీ చెట్టంటే ఇప్పుడు ఊరందరి ఊపిరి. నరికిన ప్రతి మానుకూ ఊపిరిముద్ర వేసి, దాని నుంచి పోయే ప్రతి చిటికెడు రంపపు పొట్టుకూ లెక్క చూస్తారు. పనివాడి వృథాంకం పెరిగితే మళ్ళీ కలప ముట్టనివ్వరు.

"రత్నం, టీ చల్లారిపోతంది," అన్నాడు పడవ అవతలి కొసన కూర్చున్న ఇస్సాకు. ఆమెతోపాటే పట్టా తీసుకుని, ఆమెతోపాటే ఈ పడవెక్కాడు. దిద్దుచేతుల మీద అతనికి ఫిర్యాదేమీ లేదు. అతని చేతులు పని చేస్తుంటే తాను పాటలు వినేవాడు.

ఈ పని కావాలని రత్నం తనంతట తానే కోరుకుంది. ఆమె పుట్టి పెరిగిన పునరావాస గోపురంలో గోడలు, మంచాలు, గిన్నెలు అన్నీ అచ్చుపోసినవే. ఒకసారి పోటు వెనక్కి తీసినప్పుడు బురదలోంచి ఒక పాత పడవ తాలూకు పక్కటెముకలాంటి వంపు కొయ్య బయటపడింది. దాని మీద చెక్కిన గాట్లు ఒకదాన్ని పోలి ఒకటి లేవు. ఎవరో ఒక మనిషి ఒక్కోచోట ఒక్కోలా ఆలోచించి కొట్టిన గాట్లు. రత్నం వాటి మీద వేళ్ళు పెట్టి చాలాసేపు అక్కడే కూర్చుంది. వడ్రంగం నేర్చుకుంటానని ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పింది.

అప్పుడు ఆమె ముందు రెండు బడులున్నాయి. ఒకటి తాళ్ళరేవు గట్టు మీది రేకుల షెడ్డు. భీమేశు అనే ఆయన నడుపుతాడు. రత్నం వెళ్ళేసరికి ఆయన కూర్చున్న స్టూలు ఒక కాలు పొట్టిగా ఉండి టకటకమంటోంది. ముద్రలు చెరిగిపోయిన చెత్త చెక్కల్లోంచి ఒకటి తీసి ఆమె ముందు పడేసి, రంపం చేతికిచ్చాడు. రంపం గీత దాటి ఎటో పోయింది. ఆయన ఇంకో ముక్క పడేశాడు. అదీ పోయింది.

"ఎన్నాళ్ళకి వస్తదండీ?" అని అడిగింది.

"నాకేం తెలుసమ్మా? నాకే ఇంకా పూర్తిగా రాలేదు."

"పట్టా ఇస్తారా?"

"ఇస్తే ఎవడు చూస్తాడు?"

రెండోది కాకినాడలోని తీర దారుశిక్షణాలయం. గాజు కప్పు, వరసగా బల్లలు, ప్రతి బల్ల మీదా ముద్రపడిన కొత్త టేకు. మొదటి రోజు నుంచే అసలు కలప మీద పని అని గుమ్మంలోనే రాసి పెట్టారు. పట్టా అందగానే ఉద్యోగం. అమ్మ నీలవేణి ఉప్పువరి చేలల్లో నడుం వంచి పని చేసిన మనిషి. "ఆ రేకుల షెడ్డులో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటావా? ఇక్కడైతే రేపన్నది ఉంటది కదే," అంది. రత్నానికి కూడా ఆ కొత్త టేకు వాసన ముందు షెడ్డు గుర్తుకు రాలేదు.

మొదటి రోజు నుంచే అసలు కలప మీద పని. ఆ మాటలో అబద్ధం లేదు. కాకపోతే పని చేసేది దిద్దుచేయి. తొడుగు లోపలున్న మనిషి చేయి ఊరికే దాని వెంట వెళ్ళి వస్తుంది.

వట్టి చేత్తో ఒక్కసారి చేస్తానని ఆమె బోధకులందరినీ అడిగింది. అందరూ ఒకటే చెప్పారు. వృథా లేకుండా చెక్కగలనని నిరూపిస్తే వట్టి చేత్తో కలప ముట్టనిస్తాం. వట్టి చేత్తో కలప ముట్టకుండా దాన్ని నిరూపించడం ఎలా అంటే, నిబంధన చదివి వినిపించారు. చదువు పూర్తయ్యేసరికి ఆమె పేరు మీద మచ్చలేని వృథాంకం, మొదటి శ్రేణి పట్టా ఉన్నాయి. పట్టా ఇచ్చిన రోజున ఆమె మరుగుదొడ్డిలోకి వెళ్ళి గోడను అరచేత్తో చరిచింది. ఆ గోడా అచ్చుపోసిందే, నొప్పి కూడా పుట్టలేదు.

టీ తాగి గ్లాసు కడుగుతుండగా పిలుపొచ్చింది. కాలువ మలుపులో మంగాయమ్మ తేలిల్లు ఒక మూల విరిగి నీళ్ళు లాగుతోంది. వాళ్ళు చేరేసరికి వరండాలోని ఇడ్లీ కొట్టు సగం ఒరిగి ఉంది. మంగాయమ్మ పెద్ద ఇడ్లీపాత్రను తాడుతో గుంజకు కట్టి పట్టుకుని నిలబడింది.

"వచ్చారా, మా తల్లే! పొద్దున్నించీ చూస్తున్నాను. సాయంత్రం పోటొచ్చిందంటే ఈ మూల ఊడి చేతిలోకొచ్చేస్తది," అంది.

రత్నం మోకాళ్ళ మీద వంగి చూసింది. రెండు దూలాలు కలిసే మూల. ఒక దూలం కొసను నాలుకలా చెక్కి రెండోదాని గాడిలో దించారు. ఆ నాలుక కుళ్ళి తెగిపోయింది. గాడి ఉన్న దూలం గట్టిగానే ఉంది. నాలుక ఉన్న కొత్త ముక్క చెక్కి దించి, పాత దూలానికి బిగిస్తే చాలు. పడవలో ముద్రపడిన టేకు దుంగ ఒకటుంది.

ఆమె చేయి చాపి పాత దూలాన్ని తాకగానే తొడుగు రాయిలా బిగుసుకుపోయింది.

"ఊపిరిముద్ర కనబడలేదు. ఈ కలపకు సంబంధించిన పని నిలిపివేయడమైనది."

"పాత పడవ విప్పిన కొయ్యమ్మా అది. మా మామగారు తెచ్చారు. ముద్రలు అప్పటికి ఎక్కడివీ?" అంది మంగాయమ్మ.

ఇస్సాకు తల గోక్కున్నాడు. పద్ధతి ఇద్దరికీ తెలుసు. ముద్ర లేని కలపతో కట్టిన తేలింటిని దిద్దుచేయి ముట్టదు. ముట్టకపోతే ఇల్లు నివాసయోగ్యం కాదు. లాగుడు పడవ వచ్చి ఇంటిని పట్టుకుపోతుంది. మనిషికి గోపురంలో ఒక గది ఇస్తారు.

"గోపురంలో పొయ్యి వెలిగించనివ్వరు కదా," అంది మంగాయమ్మ. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏంటమ్మా అలా నిలబడిపోయారు? మీరు వడ్రంగులు కాదా?"

ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగింది. కాదు అనాలనిపించింది రత్నానికి. ఆమె భుజం దగ్గరి తొడుగు కట్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఏయ్, ఏం చేస్తన్నావ్?" ఇస్సాకు పరుగున వచ్చాడు. "పిచ్చా నీకు? ఉన్న ఒక్క దుంగా పాడు చేశావంటే నీ పని అయిపోద్ది."

"పాడవుతదేమో."

"అవుతదేమో కాదు, అవుతది. నీకు చేతకాదు. నాకూ చేతకాదు. ఆ సంగతి నీకు తెలుసు."

"తెలుసు," అంది రత్నం.

తొడుగుల్లోంచి బయటికొచ్చిన చేతులు పాలిపోయి, చెమ్మగా ఉన్నాయి. ఉలి ఆమె అనుకున్నదానికంటే బరువుగా ఉంది. పడవలోని దుంగ మీద రంపం మొదట్లో తిన్నగానే పోయింది. తరవాత పక్కకు జారింది. సరిచేయబోతే ఇరుక్కుంది. నాలుక ఆకారం కొంచెం కొంచెంగా బయటపడుతుండగా ఉలి మీద గట్టిగా ఒక దెబ్బ వేసింది. టప్పుమని చప్పుడైంది. చీలిక నాలుక మీదుగా పాకి, చెక్కిందంతా రెండుగా విడిపోయింది.

రత్నం ఉలిని పడవ అడుగున విసిరికొట్టింది. ఇన్నేళ్ళ బడి, మచ్చలేని వృథాంకం, గుమ్మంలో రాసిపెట్టిన ఆ మాట అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

"చెప్పానా?" అన్నాడు ఇస్సాకు. కానీ ఆ మాటలో గెలిచిన సంతోషం లేదు.

విరిగిన ముక్కను ఆమె చేతిలోకి తీసుకుంది. చెక్కలోని నార తిన్నగా లేదు, ఒక వారకు ఒరిగి ఉంది. చీలిక దాని వెంటే పోయింది. దిద్దుచేయి వాలుగా ఎందుకు కొట్టేదో అప్పుడు అర్థమైంది. దానికి నార కనిపిస్తుంది. తనకు చూపించాలని మాత్రం దానికి ఎప్పుడూ తోచలేదు.

దుంగలో ఇంకా కాస్త మిగిలింది. ఈసారి నాలుక పొట్టిదవుతుంది, తప్పదు. ఆమె దుంగను తిప్పి, నార ఒరిగిన వైపు చూసి, ఉలిని వాల్చి చిన్న చిన్న దెబ్బలు వేసింది. అరచేతిలో పొక్కు లేచి చితికింది. మంగాయమ్మ తన చీర చెంగు చింపి చేతికి చుట్టింది. ఇస్సాకు కాసేపు అటు తిరిగి నిలబడి, చివరికి వచ్చి దుంగ కదలకుండా మోకాలితో అదిమిపట్టాడు.

ముక్క గాడిలోకి దిగింది. రెండో కొసను పాత దూలానికి బిగించింది. గాడిలో ఒక పక్క వదులు. అక్కడ చీలిక ముక్కలతో మేకు చేసి కొట్టింది. సందుల్లో పత్తి కూరి గుగ్గిలం పూసింది. చూడ్డానికి కుట్లు వేసిన గాయంలా ఉంది. మొదట నీళ్ళు ఊరాయి. కొయ్య తడిసి ఉబ్బేకొద్దీ ఊట సన్నగిల్లి, ఆగింది. పోటు మొదలయ్యేసరికి మిగతా మూలలతోపాటు ఆ మూలా నీటి మీద లేచింది.

మంగాయమ్మ ఇడ్లీపాత్ర తాడు విప్పింది.

పడవలోని వాణిపెట్టె అప్పుడు పలికింది. పర్యవేక్షకురాలు దమయంతి గొంతు.

"నూకరత్నం, దుంగలో సగం వృథా చూపిస్తోంది. ఏమైంది?"

"తొడుగులు తీసేసి చేశాను మేడమ్."

దమయంతి గొంతు తగ్గించింది. "విను. ముద్ర లేని కలప తాకగానే పరికరం మొరాయించింది కదా? అది పరికర లోపం. అవును అని ఒక్క మాట చెప్పు, వృథా దాని ఖాతాలోకి పోతుంది. నీ పట్టాకు ఏమీ కాదు."

ఇస్సాకు ఆమె వైపు చూసి గట్టిగా తలాడించాడు. చెప్పు, చెప్పేయ్ అన్నట్టు.

అవును అంటే ఏమవుతుందో రత్నానికి కనబడుతూనే ఉంది. రేపు పొద్దున మళ్ళీ చేయి వదులు చేయాలి. ఇవాళ్టి విరిగిన ముక్క, అతికిన ముక్క రెండూ ఎవరివీ కాకుండా పోతాయి.

"లోపం పరికరానిది కాదు మేడమ్. నా చేయి చేసిన తప్పు. నేర్చుకుంటూ చేశాను."

ఈసారి పలికింది దమయంతి కాదు. తీరమంతా పనివాళ్ళు పెద్దమేస్త్రి అని పిలుచుకునే, దిద్దుచేతులన్నిటినీ నడిపే కేంద్రయంత్రం.

"శిక్షణ పూర్తయిన వ్యక్తికి నేర్చుకోవడం వర్తించదు. కారణం మార్చి చెప్పండి."

"పూర్తవలేదు."

"మీకు మొదటి శ్రేణి పట్టా ఉంది."

"ఆ పట్టా దిద్దుచేతిది. నాకు పని రాదు."

"నూకరత్నం, ఆ మాట వద్దు," దమయంతి గొంతు మధ్యలో దూరింది. "పని రాదని పనివాళ్ళే చెబితే ఆ మాటను కొట్టిపారేయడానికి మాకెవ్వరికీ వీల్లేదు. భద్రతా నిబంధన అది. నీ ఒక్కదానితో ఆగదమ్మా, ఆ పట్టా ఉన్న అందరినీ పెద్దమేస్త్రి అదే అడుగుతుంది, రాదన్నవాళ్ళ తొడుగులు తీసేస్తుంది."

"అడగనివ్వండి మేడమ్. నన్ను ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు."

పడవ అడుగున పడి ఉన్న రత్నం తొడుగులు మెత్తబడి పాముకుబుసాల్లా చతికిలబడ్డాయి. ఇస్సాకు చేతుల మీదివి మాత్రం వెలిగాయి.

"దిద్దుచేయి లేకుండా ఈ పని చేయగలరా?" అని అతన్ని అడిగాయి.

ఇస్సాకు ఉలిక్కిపడి చేతులు దూరంగా పెట్టుకున్నాడు. "నా కొంప ముంచావే రత్నం! ఇప్పుడు నేనేం చెప్పాలి?"

"నీ ఇష్టం. చేయగలనని చెప్పు. నేనేం అనను."

కాలువ పొడుగునా మరమ్మతు పడవల్లో సుత్తి చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఒక పడవలో ఎవరో నవ్వారు. ఇంకో పడవలో ఎవరో పెద్దమేస్త్రిని బూతులు తిడుతున్నారు. దూరంగా, వంతెన దగ్గర, ఒక ఆడగొంతు "రాదు" అని అరిచింది. ఆ తరవాత మరొకటి.

ఇస్సాకు తన చేతుల వంక చూశాడు. "రాదు," అన్నాడు చివరికి, ఎవరికీ వినబడకూడదన్నట్టు. తొడుగులు ఊడి అతని ఒళ్ళో పడ్డాయి. అతను వేళ్ళు చాపి, ముడిచి, మళ్ళీ చాపాడు. పడవ అడుగు నుంచి ఉలిని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎలా పట్టుకున్నావు దీన్ని?"

"సరిగ్గా పట్టుకోలేదు," అంది రత్నం. విరిగిన చెక్క తీసి అతని ముందు పెట్టింది.