చెయ్యి వెయ్యని మనిషి

నవంబరు తొమ్మిది అతనికి బాగా గుర్తు. ఆ పూట ఉడికించిన గుడ్డు, రెండు బ్రెడ్డు ముక్కలు తిని బయల్దేరాడు. తొందరలో గుడ్డు మీద ఉప్పు చల్లుకోవడం మరిచిపోయాడు. వెళ్లిన చోట మాత్రం కావలసినంత కారం దొరికింది.

అది పాత బస్సుల షెడ్డు. ఇప్పుడక్కడ చక్రాల కుర్చీలు, చంకకర్రలు, ఆసుపత్రి మంచాలు ఉంటాయి. కాలు విరిగినవాళ్లకీ, మంచాన పడ్డవాళ్లకీ డబ్బు తీసుకోకుండా ఇస్తారు. అవసరం తీరాక తెచ్చి ఇచ్చేస్తే, బాగుచేసి ఇంకొకరికి పంపుతారు. మోసేవాళ్లూ, బిగించేవాళ్లూ అందరూ పగలు తమ ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం వచ్చేవాళ్లే.

అతను గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఒకమ్మాయి ఇనప మంచాన్ని ఒక కొస ఎత్తి నిలబడి ఉంది.

"సమయానికి వచ్చారు. ఆ కొస పట్టుకోండి."

"పట్టుకోకూడదండి."

"నడుం నొప్పా?"

"కాదండి. రీసెర్చ్."

ఆమె మంచం దించి, చేతులు దులుపుకుని, అతన్ని తేరిపార చూసింది. అతను గొంతు సవరించుకుని చెప్పాడు. కొన్ని దేశాల్లో, జీతం లేకుండా పనిచేసేవాళ్లు ఎందుకు చేస్తారో, ఎంతసేపు చేస్తారో కూర్చుని చూడడం తమ పని. చూసేవాడు తానూ చెయ్యి వేస్తే లెక్క చెడిపోతుంది. ఇది ఈ రీసెర్చ్ నడిపించే మేడం పెట్టిన మొదటి నియమం.

"అంటే, మేం మోస్తుంటే మీరు చూస్తూ కూర్చుంటారు."

"చూసి రాసుకుంటాను."

"మా పెద్దనాన్న జన్మంతా అదే చేశాడు. దాన్ని రీసెర్చ్ అంటారని ఆయనకి తెలీదు, పాపం."

లోపల చక్రం బిగిస్తున్న ఆమె తండ్రి నవ్వు ఆపుకోలేక స్పానర్ జారవిడిచాడు. ఒకప్పుడు ఆ షెడ్డులోనే బస్సులకు మెకానిక్‌గా పనిచేసినాయన. కూతురు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఆయనే లేచి గుమ్మం పక్కన ఒక స్టూలు వేశాడు. ఆ రోజు నుంచి అతని పేరు 'సర్వే గారు' అయింది.

సర్వే గారిని వాళ్లు ఓర్చుకోవడానికి కారణం ఉంది. షెడ్డు మునిసిపాలిటీది. దాన్ని గోడౌన్‌గా అద్దెకిద్దామని అక్కడి అధికారుల ఆలోచన. ఇక్కడ నిజంగా ఏ మాత్రం పని జరుగుతోందో ఈ రీసెర్చ్ రిపోర్టు చూసి తేలుస్తామన్నారు.

"సర్వే గారూ, పెన్ను ఆగింది. ఇంకు అయిపోయిందా?" అనేదామె, చూడకుండానే.

"ఆలోచిస్తున్నానండి."

"కుర్చీల వైపు చూస్తూ ఆలోచించండి. ఇటు చూస్తే లెక్క చెడుతుంది."

అతని చెవులు ఎర్రబడేవి. మర్నాడు ఇంకాస్త ముందుగా వచ్చేవాడు.

ఒక సాయంత్రం వాన. తండ్రీ కూతుళ్లు బయట వ్యానులోకి మంచం ఎక్కిస్తున్నారు. ఒక పెద్దావిడ గొడుగు కింద ఖాళీ చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి అతని ముందు ఆగింది.

"ఆయన పోయారు బాబూ. ఇచ్చేద్దామని తెచ్చాను."

అంటూనే ఉంది గానీ పిడి వదల్లేదు. వేళ్లు దానికి అతుక్కుపోయినట్టున్నాయి.

"ఖాళీ కుర్చీతో ఇంత దూరం నడిచేసరికి కాళ్లలో సత్తువ లేదు. తిరిగి ఎలా వెళ్లాలో తెలీడం లేదు."

అతను లేచాడు. స్టూలు మీద కాగితాలు పెట్టి, కుర్చీని ఆవిడ వైపు తిప్పాడు.

"మీరు కూర్చోండమ్మా. ఇంటిదగ్గర దింపి, అప్పుడు తెస్తాను దీన్ని."

ఆవిడ కాసేపు తటపటాయించి, భర్త కూర్చున్న చోటే కూర్చుంది. గొడుగు వెనక్కి వంచి అతని నెత్తిమీదికి పట్టడానికి దారంతా ప్రయత్నించింది. ఇద్దరూ సగం సగం తడిశారు.

తిరిగొచ్చేసరికి అమ్మాయి తువ్వాలు పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"సర్వే గారికి చేతులున్నాయన్నమాట."

ఆ గొంతులో వెటకారం లేదు. అతను తల తుడుచుకుంటూ నవ్వాడు. అంతలోనే నవ్వు వాడిపోయింది.

"ఇది రాయాలండి."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను కదా."

"రాస్తే ఏమవుతుంది?"

"ఈ షెడ్డుని రీసెర్చ్‌లోంచి తీసేయొచ్చు."

"అప్పుడు మునిసిపాలిటీ వాళ్లు మమ్మల్ని తీసేస్తారు." ఆమె మొహం మాడిపోయింది. "మీ నిజాయితీ మీకు ముద్దే. ఈ కుర్చీలన్నీ నా నెత్తిన పెట్టుకుని తిరగనా?"

అతను ఇంటికి వెళ్లగానే మేడంకి ఫోన్ చేశాడు. ఆవిడ అంతా విని నిట్టూర్చింది.

"నువ్వు చేసింది మంచి పనే. కానీ రూలు రూలే. షెడ్డు ఉంటుంది, నువ్వుండవు. వేరే దేశంలో పనిచేస్తున్న మన తెలుగావిడని పంపిస్తాను. మళ్లీ మొదటినుంచి ఆవిడే చూస్తుంది. రిపోర్టులో మన దేశం అధ్యాయం మీద పేరూ ఆవిడదే."

రెండేళ్ల కష్టం. అతను సరేనన్నాడు. షెడ్డుకి మాత్రం కబురు క్లుప్తంగా పంపాడు: మీ చోటుకి ఢోకా లేదు, చూడ్డానికి ఇంకొకరు వస్తారు.

"నిప్పంటించి తప్పుకున్నాడు," అంది అమ్మాయి, తండ్రితో.

కొత్త సర్వే ఆవిడ పొడుగ్గా, కచ్చితంగా ఉంది. ఆవిడ స్టూలెక్కిన రోజే అతనూ వచ్చాడు, చొక్కా చేతులు మడిచి.

"ఏం మొయ్యాలండి?"

అమ్మాయి ఒక్క క్షణం తడబడింది. "అదిగో, ఆ చంకకర్రల కట్ట," అని మొహం తిప్పుకుంది.

అప్పట్నుంచి వాళ్ల మధ్య మాటలు నట్లూ బోల్టుల దాకానే. ఒకసారి బ్రేకు తలకిందులుగా బిగిస్తే మెకానిక్కు గారు మెల్లిగా విప్పుతూ, "బాబూ, డిగ్రీలు ఇంట్లో పెట్టి రా. ఇక్కడ అడ్డమొస్తున్నాయి," అన్నాడు. ఆ రోజు అమ్మాయి నవ్వింది, అతనికి కనపడకూడదని కుర్చీ వెనక వంగి.

ఎండలు ముదిరే వేళకి కొత్తావిడ పని ముగిసింది. మునిసిపాలిటీ వాళ్లు రిపోర్టు మొదటి భాగం చదివి షెడ్డు జోలికి రామని చెప్పేశారు. చివరి సాయంత్రం ఆవిడ అందరినీ ఒక్కొక్కరిగా పిలిచి ప్రశ్నలడిగింది. చివర మిగిలింది అతను. పక్కనే అమ్మాయి టైరుకి గాలి కొడుతోంది.

"మీరెందుకు చేస్తున్నారీ పని? బాధ్యతా? తీరిక ఉండబట్టా? కొత్త పరిచయాల కోసమా?"

"ఆ ప్రశ్న రాసింది నేనేనండి. ఒక జవాబు పెట్టడం మరిచిపోయాను."

"నాకూ ఆశ్చర్యంగానే ఉంది. మీ రెండేళ్ల పని నా పేరు మీదికి వచ్చింది. అయినా రోజూ వస్తున్నారు. ఏమిటా జవాబు?"

పంపు ఆగింది.

"ఆవిడ ఉంది కనుక," అన్నాడతను, టైరు వైపు చూసి. "మొదట్లో అంతే. ఇప్పుడు ఆవిడ సెలవు పెట్టిన రోజు కూడా వస్తున్నాను. అదెందుకో ఇంకా తెలీలేదు. రెండూ రాసుకోండి."

కొత్తావిడ రాసుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది.

అమ్మాయి బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. అతను కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"మీ అధ్యాయం పోయిందని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే జాలిపడేవారు."

"జాలిపడితే ఏం?"

"జాలి వద్దండి. కోపమే నయం. కోపంలో అయినా నన్ను తలుచుకుంటారు కదా."

ఆమె మోకాలి మీద గ్రీజు మరకని గోటితో గీకింది. "నాకు కోపం ఎక్కువ. ఆదివారాలూ ఇక్కడే ఉంటాను. నాన్నని వదిలి ఎక్కడికీ రాను."

"నేనూ ఇక్కడే ఉంటున్నాను కదండీ."

"ఇంకా అండీ ఏమిటి, చేతులకి గ్రీజు అంటుకున్నాక?"

ఆమె చెయ్యి చాచింది. ఈసారి అతను పట్టుకున్నాడు.

భార్య పోయినప్పటి నుంచి మెకానిక్కు గారు కూతురి తోడు లేకుండా ఇంటికి నడిచిన సాయంత్రం లేదు. ఇవాళ పక్క గుమ్మంలోంచి తొంగి చూసి, పిలవబోయి, మానుకున్నాడు. దీపం ఆర్పి, లంచ్ బాక్సు చంకన పెట్టుకుని, ఒక్కడే బయటికొచ్చి, తలుపుని రెండు చేతులా ఎత్తిపట్టి, కిర్రుమనకుండా దగ్గరికి లాగాడు.