ఏడో లైన్‌లో ఇంకా ఎవరో ఉన్నారు

దసరా నాడు పనిముట్లకి పూజ చేసి పక్కన పెట్టాలే గానీ ముట్టుకోకూడదంటారు. మేడ్చల్‌లోని ఆ విత్తనాల కంపెనీ మేనేజరుకి ఇలాంటివేం పట్టవు. పొద్దున సర్వర్ పెట్టెకి తనే బొట్టు పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు, ఆ చేత్తోనే కంప్యూటర్ ఆపరేటర్ యజ్ఞనారాయణకి ఒక సీడీ ఇచ్చాడు. "ఇవాళ గోడౌన్లన్నీ మూత. లైన్లన్నీ ఖాళీ. ఈ ప్యాచ్ కాస్తా వేసేసి ఇంటికెళ్లు" అని కారెక్కేశాడు. 2002 సంగతి ఇది.

ప్యాచ్ అంటే మరేం లేదు, పాత ప్రోగ్రాములో ఎక్కడ చిరుగుందో అక్కడ మాసిక వెయ్యడం. ఆ సర్వర్‌కి ఎనిమిది మోడెములు, ఎనిమిది ఫోన్ లైన్లు. ఊళ్లలోని గోడౌన్ల నుంచి గుమాస్తాలు ఫోన్ లైన్ కలుపుకుని, ఆకుపచ్చ అక్షరాల తెర మీద ఏ గది ఎంత చల్లగా ఉందో, ఎన్ని బస్తాలున్నాయో టైపు చేస్తే ఇక్కడికి చేరుతుంది. మాసిక వెయ్యాలంటే ఎనిమిదీ తెంపాలి. తెంపే ముందు ఒక పద్ధతుంది. 'ఐదు నిమిషాల్లో లైన్ పోతుంది' అని అందరికీ కబురు పంపాలి. అవతలివాళ్లు సరేనని టైపు చేసేదాకా ఆగాలి.

కిందటేడు యజ్ఞనారాయణ ఆగలేదు. అదేదో చివర్లో చెప్పి మిమ్మల్ని బెదరగొట్టడం నాకిష్టం లేదు, ఇప్పుడే చెప్పేస్తాను.

కిందటేడు దసరాకీ ఇలాగే ప్యాచ్ వెయ్యడానికి కూర్చున్నాడు. ఏడో లైన్ కలిసే ఉంది. అది శామీర్‌పేట కోల్డ్ స్టోరేజీది, అక్కడి గుమాస్తా లక్ష్మణ్ అనే కుర్రాడు. లైన్ కలిసి ఉండటం వింతేమీ కాదు. ఒకసారి పెట్టేస్తే మళ్లీ కలవడానికి గంట పడుతుందని గుమాస్తాలు పండక్కి ఇంటికి పోతూ కూడా అలాగే వదిలేసేవాళ్లు. కానీ ఆఖరి మీట నొక్కి ఎంతసేపైందో చూపించే గడిలో సున్నా ఉంది. అంటే అవతల ఎవరో నొక్కుతూనే ఉన్నారు, ఏం రాస్తున్నారో ఇటునుంచి కబురు పంపితే గానీ కనబడదు. 'కుర్రాడు ఆటలాడుకుంటున్నాడు కాబోలు' అనుకున్నాడు యజ్ఞనారాయణ. మచ్చ బొల్లారంలో ఇంటి నిండా చుట్టాలు. గారెలు చల్లారిపోతున్నాయని భార్య కామేశ్వరి అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది. కబురూ పంపలేదు, ఏమీ లేదు. తెంపేశాడు.

ఆ వేళే శామీర్‌పేటలో గదుల్ని చల్లబరిచే అమ్మోనియా గొట్టం పగిలింది. లక్ష్మణ్ కూర్చున్న కేబిన్‌లోంచి బయటపడాలంటే గ్యాస్ నిండిన వరండాలోంచే రావాలి. కేబిన్‌లో ఫోను లేదు. గుమాస్తాలు ఊరికే కబుర్లాడుతున్నారని కంపెనీవాళ్లే పీకించేశారు. పిలవడానికి ఆ బిడ్డకి మిగిలిందల్లా ఆ టైపు మీటలే.

విచారణకి వచ్చినవాళ్లు అడిగితే, "లైన్‌లో ఎవరూ లేరండి" అన్నాడు యజ్ఞనారాయణ. ప్యాచ్ వేశాక ఎవరెప్పుడు లైన్‌లో ఉన్నారో చూపే పాత చిట్టా చెరిగిపోయింది కాబట్టి ఆ మాటే నిలబడింది. పెళ్లాంతో కూడా చెప్పుకోలేదు. ఏడాది పొడుగునా ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయేవాడు. ఏమైందని ఆవిడ అడిగితే కడుపులో బాగాలేదనేవాడు.

అది చాలదన్నట్టు లక్ష్మణ్ తండ్రి గౌరయ్యని తెచ్చి ఇదే ఆఫీసు గుమ్మంలో వాచ్‌మన్‌గా కూర్చోబెట్టారు. కొడుక్కి కొలువిస్తామంటే రెండెకరాలు కంపెనీకి అమ్మిన మనిషి అతను. ఆ నేలలో కట్టిన కోల్డ్ స్టోరేజీ షెడ్డులోనే కొడుకు పోయాడు. ఆఫీసులో అందరూ "ఏయ్ గౌరయ్యా" అంటారు. యజ్ఞనారాయణ ఒక్కడే "గౌరయ్య గారూ" అంటాడు. ఆ 'గారు' ఎందుకో పాపం ఆ ముసలాయనకి తెలీదు.

ఈ దసరా నాడు మధ్యాహ్నం మూడైంది. మబ్బు కమ్మి ఆఫీసు వరండా అంతా మసకగా ఉంది. గౌరయ్య కుర్చీ పక్కన టిఫిన్ క్యారియర్ మూత తియ్యకుండా అలాగే ఉంది.

"తినలేదేం గౌరయ్య గారూ?"

"ఇయ్యాల పిలగాని సంవత్సరీకం గదా సారూ. పొద్దుగాల బువ్వ వెట్టినం. ఆనికి ఇష్టమని మా ఆడామె మటన్ కూర, గారెలు, అన్ని జేసింది. కాకి ముట్టలే." గౌరయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "రొండు గంటలు సూసిన. గోడ మీద కూసున్నది, ఎగిరిపోయింది. ఆని మనసుల ఏందో ఉన్నది సారూ. ఆ దినం మీరు గీడనే ఉంటిరి. మావోడు ఏమన్న రాసిండా?"

నెలకోసారైనా అడిగే ప్రశ్నే ఇది.

"లేదండీ" అని గబగబా సర్వర్ గదిలోకి వెళ్లిపోయాడు యజ్ఞనారాయణ.

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. సీడీ పెట్టాడు. తెర మీద లైన్ల పట్టీ వచ్చింది. ఒకటి ఖాళీ. రెండు ఖాళీ. మూడు, నాలుగు, ఐదు, ఆరు... ఖాళీ.

ఏడు... కలిసి ఉంది.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. శామీర్‌పేట షెడ్డుకి తాళం పడి ఏడాదైంది. కరెంటు తీసేశారు. టెలిఫోన్ వాళ్లొచ్చి తీగ కూడా చుట్టుకుపోయారు. లేచి మోడెముల వెనక్కి వెళ్లి చూశాడు. ఏడోదాని ఫోన్ తీగ ఊడి నేల మీద పడుంది. ముందువైపు మాత్రం ఎర్రదీపం మిణుకు మిణుకుమంటోంది.

అప్పుడు తగిలింది వాసన. రాత్రంతా కడగని గొడ్ల కొట్టంలోకి తెల్లారి అడుగుపెడితే కొడుతుందే, ఆ ఘాటు. కళ్లు మండి నీళ్లు కారాయి. మళ్లీ కుర్చీలో కూలబడి ఆ గడి వంక చూశాడు.

సున్నా. ఒక్క క్షణం కూడా పెరగట్లేదు. సున్నా... సున్నా... అవతల ఎవరో ఆపకుండా నొక్కుతున్నారు.

తెంపే మీట మీదికి వెళ్లిన వేలు వెనక్కి తీసుకున్నాడు. ఈసారి తెంపలేదు. పద్ధతి ప్రకారం కబురు టైపు చేశాడు. 'ఐదు నిమిషాల్లో లైన్ పోతుంది. సరేనా?'

 తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఒక్కొక్కటే, తడుముకుంటూ...

'సార్ లైన్ తెంపకుండ్రి.'

'నాయిన బువ్వ దీస్కొని బయలెల్లిండు. ఇటు రానియ్యకుండ్రి. ఎవలన్న ఆపుండ్రి.'

మళ్లీ అదే. మళ్లీ అదే. తెర నిండిపోయి పైకి జరుగుతోంది. అవే రెండు వరసలు.

యజ్ఞనారాయణ నోరు నొక్కుకున్నాడు. కిందటేడు ఆ కుర్రాడు నొక్కింది ఇదన్నమాట. చచ్చిపోతున్నా రక్షించండని అడగలేదు. పండగ అన్నం పట్టుకుని సైకిల్ మీద వస్తున్న తండ్రిని ఆపమన్నాడు. ఆ రోజు జమ్మి దగ్గర ఆలస్యమవ్వబట్టి గౌరయ్య బతికిపోయాడు గానీ, ఇందులో తను చేసిన మేలేముంది? ఓరి నాయనో, ఎంత పని చేశాన్రా అని తల బాదుకున్నాడు.

"ఎవలు సారూ..?"

వెనక గౌరయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. ముక్కు ఎగబీల్చాడు. ఆ వాసన అతనికీ తెలుసు. కొడుకుని మోసుకొచ్చిన రోజు బట్టలకి పట్టిన వాసనే.

"మావోడేనా?" అన్నాడు గుసగుసగా.

యజ్ఞనారాయణ తలూపాడు.

"నాకు సదువు రాదు సారూ. ఏం రాసిండో సెప్పుండ్రి."

రావద్దన్న మాట చదవాలంటే ముందు తెంపొద్దన్న మాట చదవాలి. 'తెంపిందెవలు?' అని అడుగుతాడు ముసలాయన. ఏం చెప్పాలి? ధైర్యం చాల్లేదు. ఏడాది కిందట చాల్లేదు, ఇప్పుడూ చాల్లేదు. ఆపదలో ఉన్నవాడికి అబద్ధం ఎంత తొందరగా దొరుకుతుందో!

"మంచిగున్న నాయినా, రంది పెట్టుకోకు... అని రాశాడండీ."

గౌరయ్య మొహం చూడాల్సింది. ఏడాదిగా బిగబట్టిన ఊపిరి వదిలాడు. తెర మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

"మంచిగున్నడా! ఆడనే ఉన్నడా సారూ, షెడ్డుల?"

"ఆఁ... అక్కడే."

"సల్లగుండు బిడ్డా" అన్నాడు గౌరయ్య తెరతో. కళ్లు తుడుచుకుని, "ఇగ తెంపుండ్రి సారూ. మీ పని ఆగొద్దు" అంటూ బయటికి నడిచాడు.

యజ్ఞనారాయణ తెంపాడు. రెండోసారి. దీపం ఆరిపోయింది, వాసనా పోయింది. ప్యాచ్ ఎక్కడం మొదలైంది. బయట సైకిల్ స్టాండ్ తీసిన చప్పుడైంది. టీ తాగడానికి వెళ్తున్నాడనుకున్నాడు. మనసు తేలికపడ్డట్టు కూడా అనిపించింది, సిగ్గులేకుండా.

గంట తర్వాత పని ముగించి బయటికొచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉంది. సైకిల్ లేదు. క్యారియర్ లేదు.

అప్పుడు వెలిగింది బుర్రలో. కాకి ముట్టని అన్నం... కొడుకు అక్కడే ఉన్నాడని తన నోటితోనే చెప్పాడు. అయ్యో అయ్యో అంటూ స్కూటర్ తన్నాడు. శామీర్‌పేట దారంతా చినుకులు. జమ్మి ఆకు పట్టుకుని ఊరి జనం ఎదురొస్తున్నారు. ఎవరో చెయ్యెత్తి పలకరించారు. ఆగలేదు.

షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి పొద్దు గూకింది. గోడకి ఆనించి గౌరయ్య సైకిల్ ఉంది. గుమ్మం ముందు చెప్పులు విడిచి ఉన్నాయి. ఇనుప తలుపుకి తాళం మాత్రం వేసినట్టే ఉంది. తుప్పు రాలలేదు, మీద కంపెనీవాళ్లు వేసిన లక్క ముద్ర చెక్కు చెదరలేదు. షెడ్డు చుట్టూ తిరిగి చూశాడు. ఇంకో దారి లేదు.

"గౌరయ్య గారూ!"

 తలుపు సందులోంచి ఆ ఘాటు వాసన. దానితో కలిసి మటన్ కూర వాసన.

రాయి ఒకటి ఏరి, ఎడం చేత్తో తాళం పట్టుకున్నాడు.

"కొట్టకుండ్రి సారూ..." లోపల్నుంచి మెల్లగా గౌరయ్య గొంతు. తలుపుకి ఆవలే, చాలా దగ్గర్లో. "సప్పుడు జెయ్యకుండ్రి. పిలగాడు తింటున్నడు."

రాయి జారి పడింది. యజ్ఞనారాయణ ఇంక దాచలేకపోయాడు. తాళం వదలకుండానే తలుపుకి నుదురు ఆనించి గట్టిగా ఏడ్చాడు. "గౌరయ్య గారూ, బయటికి రండి! నేను అబద్ధం చెప్పానండీ. వాడు మంచిగున్నానని రాయలేదు. మిమ్మల్ని రావద్దని రాశాడు. ఆ రోజు కూడా అదే రాస్తుంటే... ఆ లైన్ తెంపింది నేనేనండీ. నేనే..."

 చినుకుల చప్పుడు ఆగిపోయింది.

"ఎరుకే సారూ" అన్నాడు గౌరయ్య. గొంతులో కోపం లేదు. "ఇప్పుడే సెప్పిండు."

లోపల కంచం నేలకి తగిలిన చప్పుడు. ఒకటి... ఇంకొకటి... మరొకటి.

"మీకు సుత వెట్టమంటున్నడు, రాండ్రి."

యజ్ఞనారాయణ ఎడం చేతిలో తాళం దానంతటదే ఊడొచ్చింది. లక్క ముద్ర పగల్లేదు.