గోడ బయటి గడ్డి

"మేడమ్, కాస్త పక్కకు జరుగుతారా?"

"జరగను."

పార్కు గడ్డిలో, జేసీబీకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది జసింతా. వెనక శాన్ తెల్మో మిషన్ చర్చి పాత గోడ. ఎదురుగా ఫౌంటెన్ ప్లాన్ పట్టుకుని పార్కుల శాఖ కొత్త ఇంజనీరు ఎలిసియో.

"ఫౌంటెన్ వస్తే పిల్లలు ఆడుకుంటారు కదండీ!"

"ఎక్కడ? మా వాళ్ళ మీదా?"

"మీ వాళ్ళెవరు?"

"మీ బూట్ల కింద ఉన్నారే, వాళ్ళు."

ఎలిసియో గబుక్కున ఒక కాలెత్తాడు. రెండోది ఎక్కడ పెట్టాలో తెలియక కొంగలా ఊగాడు. నవ్వితే ఓడిపోయినట్టేనని జసింతా పెదవి బిగించింది.

"ఆ గోడ కట్టింది మా వాళ్ళే. స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్లు, ముందు నుంచీ ఈ నేల మీదున్న మా వాళ్ళని పల్లెల్లోంచి పట్టుకొచ్చి, పేర్లు మార్చి పనిలో పెట్టారు. తట్టు సోకి చచ్చిపోతే గోడ బయట పూడ్చేశారు. తర్వాత సిటీ వాళ్ళు పైన గడ్డి పరిచి పార్కన్నారు. మా అమ్మమ్మ ఈ గడ్డి తొక్కదు. చర్చికి చుట్టూ తిరిగి వెళ్తుంది."

ఎలిసియో ప్లాన్ మడిచి, జేసీబీని వెనక్కి పంపేశాడు.

"తవ్వకుండానే లోపల ఏముందో చూసే పరికరం ఉంది. తెప్పిస్తాను. అంతదాకా పార ముట్టనివ్వను. మాటిస్తున్నా."

"మీ ఆఫీసుల మాటలు మాకు తాతల నాటి నుంచీ అలవాటే!"

అయినా ఫోన్ నంబరు ఇచ్చింది. అతను మొదట పార్కు సంగతి చెప్పడానికి చేశాడు. తర్వాత వాన సంగతి చెప్పడానికి. ఆ తర్వాత ఏ సంగతీ లేకుండానే చేశాడు. ఆమె కూడా కారణం అడగలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి అమ్మమ్మ తొమాసాతో బయటకు వచ్చేసరికి తుంపర పడుతోంది. పార్కులో పనివాళ్ళు గుంజలు పాతుతున్నారు. వాళ్ళ మధ్యలో ఎలిసియో!

జసింతా అమ్మమ్మ చెయ్యి వదిలేసింది. పరుగున వెళ్ళింది.

"ఛీ, నిన్ను నమ్మాను చూడు! అంత తియ్యగా కబుర్లు చెప్పింది ఇందుకా?"

"జసింతా, ఒక్క నిమిషం..."

"నా పేరెత్తకు!"

"కంచె!" అని అరిచాడతను. "ఫౌంటెన్ కాదు తల్లీ, కంచె! ఆ పరికరంతో చూస్తే ఈ గడ్డి కింద సమాధులున్నాయని తేలింది. చుట్టూ, బయటి అంచునే పాతుతున్నాం. ఫౌంటెన్ వీధి అవతలికి పోయింది. పొద్దుట్నుంచి చేస్తున్నా, ఫోనెత్తితేగా?"

"చర్చిలో ఉన్నా... సైలెంట్‌లో పెట్టా."

గుండెల మీంచి బండ దింపినట్టయింది. నవ్వబోతే ఏడుపొచ్చింది.

తొమాసా అంచు దగ్గర నిలబడి, శిలువ గుర్తు వేసుకుని, గడ్డిని చేత్తో నిమిరింది. "ఇక మిమ్మల్ని ఎవరూ లేపరు, పడుకోండి" అంది మెల్లగా. తర్వాత అతని వైపు తిరిగింది.

"అబ్బాయ్, తడిసి ముద్దయ్యావు. ఇంట్లో వేడి వేడి సూప్ ఉంది, పద."

"అమ్మమ్మా, ఇప్పుడేగా నేను తిట్టింది!"

"మిగతావి తిన్నాక తిట్టుకో."

ఎలిసియో గొంతు సవరించుకున్నాడు. "అమ్మమ్మగారూ, మీ ముందే చెప్పేస్తున్నా. జసింతా అంటే నాకిష్టం."

"వాన చప్పుడులో వినపడలేదు నాయనా. గట్టిగా!"

"ఇష్టం!" అని కేకేశాడు. పనివాళ్ళు ఈలలు వేశారు.

"నాకు మొదటిసారే వినపడింది," అంటూ జసింతా అతని మట్టి చేతిని గట్టిగా పట్టుకుంది.